వేరే నమ్మకాల వాళ్ల మీద ఎగతాళి వీడియో వద్దంటే నులివెచ్చని విశ్వాసినైపోతానా?

ఆలివ్‌కొమ్మ:
అందరికీ వందనాలు. మా సంఘం వాట్సాప్ గ్రూపులో మొన్న ఒక వీడియో వచ్చింది. వేరే మతం వాళ్లు ప్రార్థించే తీరును వెక్కిరిస్తూ ఎవరో ఎడిట్ చేశారు. కింద నవ్వు బొమ్మలు, ఆమేన్‌లు వరసగా పడ్డాయి. "ఇది మనం పంచుకోవాల్సింది కాదేమో, మన స్నేహితులెవరైనా చూస్తే ఎంత బాధపడతారు" అని రాశాను. అంతే! సత్యం చెప్పడానికి నేను సిగ్గుపడుతున్నానట. ప్రకటన గ్రంథంలో ప్రభువు ఉమ్మివేస్తానన్న నులివెచ్చని విశ్వాసిని నేనేనట. ఒక అన్న అందరి ముందూ అలా రాశారు.

నేను యేసు ప్రభువు తప్ప వేరే మార్గం లేదని నమ్మేదాన్నే. నా దగ్గరి స్నేహితురాలిది వేరే నమ్మకం, ఈ సంగతి ఆమెకీ తెలుసు. వాళ్లమ్మకి ఒంట్లో అస్సలు బాగోలేదు, రోజూ ఆమె కోసం ప్రార్థిస్తున్నాను. గౌరవించడం ఎక్కడ ఆగుతుంది, రాజీపడడం ఎక్కడ మొదలవుతుంది? వాక్యం నుంచి చెప్పగలిగినవాళ్లు చెప్పండి. ఊరికే తిట్టకండి, ఆ కోటా గ్రూపులో అయిపోయింది.

ఖడ్గధారి:
సిస్టర్, తిట్టను. కానీ మీ గ్రూపులోని అన్న చెప్పిన దాంట్లో న్యాయం ఉంది. కర్మెలు కొండ మీద ఏలీయా ఏం చేశాడు? మీ దేవుడు నిద్రపోతున్నాడేమో, ప్రయాణంలో ఉన్నాడేమో, ఇంకా గట్టిగా అరవండి అని బయలు అనే దేవత ప్రవక్తలను ఎగతాళి చేశాడు (1 రాజులు 18:27). యెషయా 44లో ఒకే కట్టెలో సగం పొయ్యిలో పెట్టి, మిగతా సగానికి మొక్కేవాడి మీద వ్యంగ్యం ఎలా ఉందో చదవండి. ప్రభువు కూడా "సర్పసంతానమా" అన్నాడు. రెండో యోహాను 10లో అయితే ఈ బోధ తేని వాణ్ణి ఇంట్లో చేర్చుకోవద్దు, శుభమని కూడా చెప్పొద్దు అని ఉంది. ఇల్లు కాలుతుంటే లోపల నిద్రపోయేవాడికి జోలపాడతామా? ఈ రోజుల్లో ప్రేమ, గౌరవం అంటూ నోరు మూసుకునే వాళ్లే ఎక్కువయ్యారు.

నమ్మనివాడు:
నాకు ఏ దేవుడి మీదా నమ్మకం లేదు, ఈ చర్చలు చదవడం మాత్రం అలవాటు. ఖడ్గధారి గారూ, ఇల్లు కాలుతోందని చెప్పడానికి వచ్చినవాడు గుమ్మంలో నిలబడి లోపలి వాళ్లను చూసి నవ్వుతుంటే వాడి మాట ఎవరైనా నమ్ముతారా?

పాతపుస్తకం:
నమ్మనివాడు గారు నా పని సగం చేసేశారు. మిగతా సగం వాక్యంలోంచి చెబుతాను.

ముందు ఏలీయా. అక్కడ ఎవరితో మాట్లాడుతున్నాడు? రాజు అండతో, రాణి బల్లమీద తింటూ ఉన్న 450 మంది ప్రవక్తలతో. యెహోవా ప్రవక్తలను చంపిస్తున్న ప్రభుత్వం అది. వినేవాళ్లు నిబంధన తెలిసిన ఇశ్రాయేలీయులు, అంటే సొంత ఇంటివాళ్లు. అధికారంలో ఉన్నవాడిని ఒంటరి మనిషి ఎదిరించడం వేరు, పక్కింటావిడ భక్తిని మన గ్రూపులో కూర్చుని వెక్కిరించడం వేరు. ఇంకో సంగతి. ఇదే ఏలీయా దానికి ఒక అధ్యాయం ముందు ఎవరింట్లో తలదాచుకున్నాడు? సీదోను దేశపు సారెపతులో, ఒక అన్య విధవరాలి ఇంట్లో. అది ఆ రాణి యెజెబెలు పుట్టిన దేశం. ఆమె పెట్టింది తిన్నాడు, ఆమె కొడుకు చనిపోతే ఆ బిడ్డ కోసం దేవుడితో పోట్లాడాడు. ఆమెతో ఒక్క వ్యంగ్యపు మాట కూడా అనలేదు. యేసు నజరేతు సమాజమందిరంలో ఈ విధవరాలినే గుర్తుచేస్తే, విన్నవాళ్లు ఆయన్ని కొండ మీద నుంచి తోసెయ్యబోయారు (లూకా 4). అన్యుల మీద దేవుడి దయ గురించి చెబితే భక్తులకు కోపం రావడం కొత్తేమీ కాదు.

"సర్పసంతానమా" అన్నది శాస్త్రులనూ పరిసయ్యులనూ, అంటే సొంత మతపెద్దలను. రోమా శతాధిపతితో, యూదులు దూరం పెట్టే సమరయ జాతి స్త్రీతో ఆ మాట అనలేదు.

రెండో యోహాను పత్రిక సంఘాల మధ్య తిరిగే బోధకుల గురించి. యేసుక్రీస్తు శరీరధారియై వచ్చాడని ఒప్పుకోని వాళ్లకి బస ఇచ్చి, బోధించే అవకాశం ఇవ్వొద్దని. ఇరుగుపొరుగుకి నమస్కారం పెట్టొద్దని కాదు.

ఇక అసలు వాక్యం. అపొస్తలుల కార్యములు 19. పౌలు రెండేళ్లకు పైగా ఎఫెసులో బోధించాడు. చేతులతో చేసినవి దేవతలు కావని చెప్పాడు కూడా, అర్తెమిదేవికి వెండి గుళ్లు చేసే కంసాలి దేమేత్రియు ఫిర్యాదే అది. నగరమంతా అల్లరి అయ్యింది, రెండు గంటలసేపు జనం అర్తెమిదేవి పేరు కేకలు వేశారు. అప్పుడు ఆ ఊరి కరణం, క్రైస్తవుడు కానివాడు, లేచి ఏమన్నాడో చూడండి: "వీరు గుడి దోచినవారు కారు, మన దేవతను దూషింపను లేదు." ఇంత బోధించినా, అవతలి పక్షం వాడే ఆ సర్టిఫికెట్ ఇచ్చాడు. మన గ్రూపుల స్క్రీన్‌షాట్లు చూసి ఎవరైనా మనకి ఆ మాట ఇవ్వగలరా?

ఆలివ్‌కొమ్మ:
ఆ కరణం మాట ఇన్నిసార్లు చదివి కూడా నేను పట్టించుకోలేదు. థ్యాంక్స్ అన్నా.

సమాధానకర్త (మోడరేటర్):
చర్చ బాగుంది. ఆ వీడియో లింకు ఇక్కడ పెట్టొద్దు. ఒక సభ్యుడు పెడితే తీసేశాం.

నర్సమ్మ:
నేను ఆస్పత్రిలో పనిచేస్తాను కాబట్టి నా అనుభవంలోంచి రాస్తాను, వాక్యాలు అంతగా నోటికి రావు.

వార్డులో అన్ని నమ్మకాల వాళ్లూ ఉంటారు, ఏ నమ్మకమూ లేని వాళ్లూ ఉంటారు. నేను అడగకుండా ఎవరి దగ్గరా ప్రార్థన చెయ్యను. పైకి, వినబడేలా చెయ్యను అని అర్థం; మనసులో అందరి కోసం చేస్తాను. ఎందుకంటే మంచం మీద ఉన్న మనిషికి లేచి వెళ్లిపోయే వీలు లేదు. నా చేతిలో సూది ఉంది, ఆయన మందు ఉంది. "ప్రార్థన చెయ్యనా?" అని నేనడిగితే వద్దనడానికి కూడా భయపడతారు, ఆ తర్వాత సరిగ్గా చూడనేమోనని. అలాంటి చోట నేనే మొదలుపెట్టడం ప్రేమ అని నాకనిపించదు. వాళ్లే అడిగితే సంతోషంగా చేస్తాను, యేసు నామంలోనే చేస్తాను, దాచను. నువ్వెందుకు ఇలా చూసుకుంటావు అని అడిగినప్పుడూ చెబుతాను.

ఒక పెద్దాయనకి ఆపరేషన్ ముందు రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. తన మత గ్రంథం చదివి వినిపించేవాళ్లు లేరని బాధపడ్డాడు. కళ్లజోడు పెట్టుకున్నా అక్షరాలు కనబడని స్థితి. నేను వాళ్లబ్బాయికి ఫోన్ చేసి, లౌడ్‌స్పీకర్ పెట్టి చదివించాను, ఫోన్ పట్టుకుని పక్కన కూర్చున్నాను. తోటి విశ్వాసి ఒకావిడ "సువార్త చెప్పే మంచి అవకాశం పోగొట్టావు" అంది. నాకలా అనిపించలేదు. భయపడుతున్న మనిషి పక్కన ఉండడమే ఆ రాత్రి నా పని.

ఖడ్గధారి:
నర్సమ్మ గారూ, మీ సేవను తక్కువ చెయ్యను. కానీ ఆ మనిషి ఆ రాత్రే చనిపోతే? సత్యం చెప్పకుండా చేసే సేవ సగం సేవే.

నర్సమ్మ:
ఆ ప్రశ్న నన్నూ వదలదు బ్రదర్. కానీ ఆయన్ని నేను తప్ప దేవుడు చూడడం లేదనుకుంటే నాకు ఒక్క పూట కూడా నిద్ర ఉండదు.

వేరేగుమ్మం:
నేను క్రైస్తవుణ్ణి కాను. ఒక మిత్రుడు ఈ చర్చ పంపాడు, చదివి ఊరుకోలేక సభ్యుణ్ణయ్యాను.

అవతలి వైపు నుంచి ఎలా ఉంటుందో చెప్తాను. నాకు ఇద్దరు క్రైస్తవ స్నేహితులు ఉండేవాళ్లు. మొదటతను చాలా తియ్యగా ఉండేవాడు. ఫోన్లు, పలకరింపులు, నాకు ఉద్యోగం పోయినప్పుడు సాయం కూడా. తర్వాత ఆరాధనకి రమ్మన్నాడు, ఒకసారి వెళ్లాను. "నా నమ్మకం నాకుంది, ఇక రాలేను" అని చెప్పిన రోజు నుంచి ఫోన్లు ఆగిపోయాయి. ఎదురుపడినా తలూపి వెళ్లిపోతాడు. మతం గురించి మాట్లాడినందుకు నేను నొచ్చుకోలేదు. నేనొక లెక్కనని, ఆ లెక్క కుదరలేదని తెలిసినప్పుడు నొచ్చుకున్నాను.

రెండో అతను మొహం మీదే చెబుతాడు, "నువ్వు యేసును నమ్మాలని రోజూ ప్రార్థిస్తున్నా" అని. గంటలు గంటలు వాదించుకున్నాం. నా వాదనలో బలం ఉంటే ఒప్పుకుంటాడు, తెలియంది తెలియదంటాడు. మా నమ్మకం గురించి ఎవరైనా తప్పుగా చెబితే నాకంటే ముందు అతనే "అది వాళ్లు చెప్పేది కాదు" అంటాడు. నేను మారలేదు, మారతానని కూడా అనుకోను. అతనూ ఎక్కడికీ పోలేదు. ఈ చర్చ పంపింది అతనే.

కాబట్టి ఖడ్గధారి గారికి నా మనవి. మీరు సత్యమనుకున్నది చెప్పండి, మేమేమీ విరిగిపోం. మేము నమ్మనిది మాకు అంటగట్టి నవ్వకండి.

నమ్మనివాడు:
ఇది చదివాక నా ప్రశ్న అడుగుతాను. ఎంత ప్రేమగా చెప్పినా చివరికి నేను నరకానికి పోతాననే కదా మీరంతా నమ్మేది? అలాంటప్పుడు ఈ కనికరం అంతా పై పూత కాదా?

విశ్రాంత కాపరి:
చాలా ఏళ్లు సంఘం చూసి ఇప్పుడు ఇంట్లో కూర్చున్న ముసలివాణ్ణి. నిదానంగా టైపు చేస్తాను, ఓపిక పట్టండి.

నమ్మనివాడు బాబూ, మీ ప్రశ్నను తేలిక చెయ్యను. తీర్పు ఉందని నేను నమ్ముతాను, లేదని మీకు చెబితే అబద్ధమాడినట్టు. కానీ ఆ కుర్చీ నాది కాదు. "వెలుపలివారికి తీర్పు తీర్చుట నాకేల?" అని పౌలే రాశాడు (1 కొరింథీ 5). ఆ అధ్యాయం మొత్తం సంఘం లోపలి పాపం గురించి కఠినంగా ఉంటుంది, బయటి వాళ్ల దగ్గరికి వచ్చేసరికి దేవుడికి వదిలేస్తుంది. మేము దాన్ని తలకిందులు చేశాం. లోపలి వాళ్ల తప్పులు కప్పెట్టుకుని, బయటి వాళ్ల మీద పడతాం.

కనికరం పై పూతా, లోపలిదా అన్నది తేలేది వేరేగుమ్మం గారు చెప్పిన చోటే, అవతలివాడు "రాను" అన్న తర్వాత. లూకా 17లో పదిమంది కుష్ఠరోగులు బాగుపడ్డారు. తిరిగి వచ్చి మహిమపరచింది ఒక్కడే, వాడు సమరయుడు. మిగతా తొమ్మిదిమంది ఏరీ అని ప్రభువు అడిగాడు, ఆయనకి బాధ ఉంది. కానీ వాళ్ల దగ్గర్నుంచి స్వస్థత వెనక్కి తీసుకోలేదు. తన్ను పట్టుకోవడానికి వచ్చిన గుంపులో ప్రధానయాజకుని దాసుడి చెవి తెగితే బాగుచేశాడు. ఆ దాసుడు తర్వాత విశ్వాసి అయ్యాడని ఎక్కడా రాయలేదు. తండ్రి నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా వర్షం కురిపిస్తాడని చెప్పి, మీరూ అలా ఉండండి అన్నాడు. వానకి షరతు లేదు.

సేవను ఎరగా వాడొద్దని ఇప్పుడు సంఘాలే రాసుకున్నాయి. 2011లో ప్రపంచ చర్చిల మండలి, వాటికన్‌లోని మతాంతర సంభాషణల విభాగం, ప్రపంచ ఇవాంజెలికల్ కూటమి కలిసి, అనేక మతాల మధ్య సాక్ష్యం ఎలా ఉండాలో ఒక పత్రం విడుదల చేశాయి. మామూలుగా ఈ మూడింటికీ ఒక మాట మీద పొసగడమే కష్టం. అవి కలిసి చెప్పింది ఏమిటంటే, సాక్ష్యమివ్వడం మానొద్దు, అయితే డబ్బుతో, బహుమతులతో ఆశపెట్టొద్దు, ఇతర మతాల గురించి అబద్ధ సాక్ష్యం పలకొద్దు. తొమ్మిదో ఆజ్ఞ మన మతం వాళ్లకే వర్తిస్తుందని మోషే చెప్పలేదు కదా.

ఖడ్గధారి బ్రదర్ ఆందోళన కూడా వట్టిది కాదు. గౌరవం పేరు చెప్పి పిరికితనాన్ని దాచుకునే వాళ్లను నేనూ చూశాను. సమరయ స్త్రీతో ప్రభువు "మీరు మీకు తెలియనిదానిని ఆరాధించువారు" అని సూటిగానే అన్నాడు (యోహాను 4). కానీ ఆ మాటకి ముందు ఆమెను నీళ్లడిగాడు. ఆమె దగ్గర పుచ్చుకోవడానికి సిద్ధపడ్డాడు. ఇచ్చేవాళ్లం ఎప్పుడూ మనమే అనుకోవడం కూడా ఒక రకం గర్వమే.

పాతపుస్తకం:
అయ్యగారు సమరయులను తలిచారు కాబట్టి ఒకటి కలుపుతాను. ఒక సమరయ గ్రామం యేసును చేర్చుకోకపోతే, ఆకాశం నుంచి అగ్ని దిగి వీళ్లను నాశనం చేసేలా ఆజ్ఞాపించమంటావా అని యాకోబు, యోహాను అడిగారు. లూకా 9లో. వాళ్లు తలుచుకున్నది ఖడ్గధారి గారు చెప్పిన ఏలీయానే! ప్రభువు వాళ్లను గద్దించాడు. తర్వాతి అధ్యాయంలోనే మంచి సమరయుడి ఉపమానం. "నీవును వెళ్లి ఆలాగు చేయుము" అని ధర్మశాస్త్రోపదేశకుడికి ఆదర్శంగా చూపింది తప్పుడు ఆరాధన చేస్తాడని వాళ్లంతా అనుకునే మనిషిని. అగ్ని అడిగిన ఆ యోహానే తర్వాత పేతురుతో కలిసి సమరయకు వెళ్లి అక్కడి వాళ్ల కోసం ప్రార్థించాడు (కార్యములు 8).

చరిత్రలోనూ రెండు రకాలూ ఉన్నాయి. 362లో రోమా చక్రవర్తి జూలియన్, క్రైస్తవం వదిలేసి పాత దేవతల ఆరాధన నిలబెట్టాలని చూసినవాడు, గలతీయలోని తన ప్రధాన పూజారికి ఉత్తరం రాశాడు. ఈ గలిలయులు (క్రైస్తవులను అతను అలా పిలిచేవాడు) తమ బీదలనే కాదు మన బీదలను కూడా పోషిస్తున్నారు, మనవాళ్లు మన సాయం లేక పడి ఉన్నారు, సిగ్గుచేటు అని అందులో వాపోయాడు. శత్రువు ఉక్రోషంతో రాసింది కాబట్టి నాకు దాని మీద నమ్మకం ఎక్కువ. మరోవైపు 1553లో జెనీవాలో మైకేల్ సెర్వెటస్‌ను త్రిత్వాన్ని కాదన్నందుకు బతికుండగానే కాల్చారు. చేసింది ప్రొటెస్టెంట్ సంస్కరణ చేపట్టిన నగరమే. మరుసటి ఏడాదే సెబాస్టియన్ కాస్టెల్లియో దాన్ని ఖండించాడు. మనిషిని చంపితే సిద్ధాంతాన్ని కాపాడినట్టు కాదు, మనిషిని చంపినట్టే అని అతని వాదన.

1219లో ఐదో క్రూసేడు, అంటే ముస్లింల మీద క్రైస్తవ సైన్యాల మతయుద్ధం నడుస్తుండగా అస్సీసి ఫ్రాన్సిస్ అనే సన్యాసి ఐగుప్తులో డమియెట్టా దగ్గర శత్రువుల వైపు దాటి సుల్తాన్ అల్ కామిల్‌ను కలిశాడు. ఆయుధం లేదు. సువార్త చెప్పాడు, సుల్తాన్ మారలేదు, ఫ్రాన్సిస్‌ను క్షేమంగా పంపించాడు. 1221లో తన సహోదరులకు రాసిన నియమావళిలో, ముస్లింల మధ్యకు వెళ్లేవాళ్లు రెండు రకాలుగా ఉండొచ్చన్నాడు. ఒకటి, వాదాలకు పోకుండా అందరికీ లోబడి, తాము క్రైస్తవులమని ఒప్పుకుంటూ బతకడం. రెండోది, దేవుని చిత్తమనిపించినప్పుడు వాక్యం ప్రకటించడం. నర్సమ్మ గారు మొదటిది చేస్తున్నారు, అదేమీ సగం సేవ కాదు.

ఖడ్గధారి:
జూలియన్ ఉత్తరం సంగతి బాగుంది. కానీ అన్నా, ఆ క్రైస్తవులు బీదలకు పెడుతూనే, విగ్రహాలకు మొక్కమంటే ప్రాణం ఇచ్చిన వాళ్ల వారసులు. మీరు పెట్టడం గురించి చెబుతారు, ప్రాణం ఇవ్వడం గురించి చెప్పరు. వీడియో విషయంలో ఒప్పుకుంటాను, ఎఫెసు వాక్యానికి నా దగ్గర జవాబు లేదు. మిగతాది ఒప్పుకోను.

పాతపుస్తకం:
ప్రాణం ఇచ్చారు, నిజమే. ప్రాణం తియ్యలేదు. పెట్టడం, ప్రాణం ఇవ్వడం రెండూ ఒకే జీవితంలో ఉన్నాయనే నేనూ అంటున్నాను.

ఆలివ్‌కొమ్మ:
ఇంకొకటి అడగాలి, ఇదే నన్ను ఎక్కువగా సతాయిస్తోంది. నా స్నేహితురాలు వాళ్లమ్మ కోసం వాళ్ల పద్ధతిలో ప్రార్థన పెట్టిస్తోంది. "నువ్వు పక్కనుంటే ధైర్యం" అంది. వెళ్లనా?

ఖడ్గధారి:
వద్దు. "అవిశ్వాసులతో జోడుగా ఉండకుడి." ముందు రోజో తర్వాతి రోజో వెళ్లి ఆమెతో ఉండండి. ప్రేమ చూపడానికి ఆ గంటే అక్కర్లేదు.

విశ్రాంత కాపరి:
అమ్మా, సిరియా సేనాధిపతి నయమాను కుష్ఠు నుంచి బాగుపడ్డాక ప్రవక్త ఎలీషాను ఒకటి అడిగాడు. నా యజమాని రిమ్మోను గుడిలో మొక్కేటప్పుడు నా చేతి మీద ఆనుకుంటాడు, నేనూ వంగాల్సి వస్తుంది, ఇది యెహోవా క్షమిస్తాడా అని. ఎలీషా ఉపన్యాసం ఇవ్వలేదు, నెమ్మది కలిగి వెళ్లమన్నాడు (2 రాజులు 5). అందరికీ అన్ని చోట్లా అదే వర్తిస్తుందని చెప్పను. రోమా 14 ప్రకారం నీ మనస్సాక్షి ఒప్పుకోనిది చెయ్యకు. పక్కన కూర్చోవడం, ఆరాధనలో పాలుపంచుకోవడం ఒకటి కావు. నేనైతే వెళ్లి కూర్చుంటాను.

నర్సమ్మ:
వెళ్తే ముందే చెప్పండి చెల్లీ, "నీకోసం వస్తాను, కూర్చుంటాను, మొక్కను, తప్పుగా అనుకోకు" అని. అక్కడికెళ్లాక మొహం మాడ్చుకుని నిలబడితే ఆమెకి ఇంకో బరువు.

వేరేగుమ్మం:
నర్సమ్మ గారన్నదే. మా ఇంట్లో ఇలాంటి సమయంలో నా రెండో స్నేహితుడు వెనక వరుసలో కూర్చుని, అయ్యాక కుర్చీలు సర్దాడు. మా బంధువులెవరూ అతన్ని "ఎందుకు మొక్కలేదు" అని అడగలేదు.

ఖడ్గధారి:
నేను ఇప్పటికీ వెళ్లొద్దనే అంటాను. సరే, ఆ తల్లి పేరు, జబ్బు ఏమిటో చెప్పండి సిస్టర్. శుక్రవారం మా ఉపవాస ప్రార్థనలో పెడతాం.

నర్సమ్మ:
బ్రదర్, మీ మనసు మంచిదే, కానీ పేరు, జబ్బు ఇక్కడ వద్దు. వాళ్లని అడగకుండా గ్రూపుల్లో పెట్టడం సరికాదు. ప్రార్థన కోసమైనా సరే.

ఖడ్గధారి:
నిజమే. పేరు లేకుండానే పెడతాం. ఆమెకి ఇష్టమైతేనే చెప్పండి.

ఆలివ్‌కొమ్మ:
సాయంత్రం ఆస్పత్రికి వెళ్తున్నాను. అడిగి చెప్తానన్నా.